తూకం గదిలో మొదలయ్యే పందెం

(చెన్నైలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

2024లో తొమ్మిది పది రోజుల తేడాలో మన చెన్నపట్నంలో రెండు సంగతులు జరిగాయి. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల వీధి మార్గంలో, రాత్రివేళ దీపాల వెలుగులో కార్ల పందేలు జరిగాయి. సెప్టెంబరు 9న గిండీ రేసుకోర్సు ఉన్న 160 ఎకరాల లీజును రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసి గేట్లకు సీలు వేసింది. ఆ వ్యవహారం కోర్టుకెక్కింది. గుర్రాల కాలం పోయి కార్ల కాలం వచ్చిందని నాకు తెలిసినవాళ్ళు చాలామంది ఆ వారంలో తేలికగా తేల్చేశారు. నాకది అంత తేలికగా తోచలేదు. మా నాన్నగారు నెల్లూరు వైపు నుంచి వచ్చి గిండీలో ముప్పై ఏళ్ళు గుర్రాలను చూసుకునే సైసుగా పనిచేశారు. నేను అంబత్తూరులో ఒక కర్మాగారంలో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద కార్లను తనిఖీ చేసే బృందంలో ఇరవై ఏళ్ళు పనిచేశాను. ఆయన గుర్రాన్ని చూసుకున్నారు, నేను ఇంజనును చూసుకున్నాను, కాని పందెం రోజున మా ఇద్దరి చూపూ నిలిచేది ఒక్క చోటే. అది కాటా. అందుకే ఈ సాయంత్రం వేగం గురించి కాక బరువు గురించి మాట్లాడదలచుకున్నాను.

ముందుగా మాట సంగతి. తెలుగులో పందెం అనే ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయి. పరుగుపందెం అన్నప్పుడు అది పోటీ, పందెం కాశాడు అన్నప్పుడు అది ఒడ్డిన సొమ్ము. భారతంలో కద్రువ, వినత ఉచ్చైశ్శ్రవం తోక రంగు మీద పందెం వేసుకున్నప్పుడు అక్కడ పరుగే లేదు, ఒడ్డు మాత్రమే ఉంది. పైగా కద్రువ తన కొడుకులైన పాములను పంపి తోక నల్లగా కనిపించేటట్టు చేయించింది కనుక, గుర్రం మీద కాసిన పందెంలో మోసం ఎంత పాతదో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండు అర్థాలను విడదీయడం న్యాయస్థానానికి కూడా చిన్న పని కాలేదు. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందేలను రద్దు చేస్తూ ఒక చట్టం చేసింది, 1986లో మద్రాస్ రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి మరొక చట్టం చేసింది. చివరకు 1996 జనవరి 12న సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచేదే కాని అదృష్టం మీద నడిచే జూదం కాదని తీర్పు చెప్పింది. గుర్రం జాతి, దానికిచ్చిన శిక్షణ, స్వారీ చేసే జాకీ చాతుర్యం చూసి అంచనా కట్టడం నేర్పేనని అందులోని సారాంశం. ఆ అంచనాలో సగం బరువు లెక్కేనని నా అభిప్రాయం, ఆ సంగతి రేసు పుస్తకం చేతపట్టుకుని నిలబడే ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు.

బరువు లెక్క అంటే ఏమిటో చెప్పడానికి గిండీ దాకా వెళ్ళనక్కరలేదు, మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ చాలు. అక్కడ రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని విడివిడిగా పోటీలు పెడతారు. గిత్త నోరు తెరిచి పళ్ళు లెక్కపెడితే వయసు తెలుస్తుంది, వయసును బట్టి బండ బరువు మారుతుంది. లేత గిత్తల ముందు పెద్ద బండ పెడితే అది పోటీ అనిపించుకోదని అక్కడి పెద్దలకు తెలుసు. ఇంగ్లండులో 19వ శతాబ్దం నడుమ అడ్మిరల్ రౌస్ అనే నౌకాదళాధికారి చేసిన పని సరిగ్గా ఇదే. మూడేళ్ళ గుర్రం నాలుగేళ్ళ గుర్రంతో పరుగెత్తాలంటే ఏ నెలలో, ఎంత దూరానికి, ఎంత బరువు తగ్గించాలో ఆయన ఒక పట్టిక తయారుచేశాడు. దానికి తరవాత మార్పులు జరిగాయి కాని, వయసుకు తగ్గ బరువు అనే ఆ పద్ధతి నేటికీ నిలిచే ఉంది. ఆడ గుర్రాలకు ఇచ్చే తగ్గింపు కూడా ఈ కోవలోదే. ఇంగ్లండులో పేరుమోసిన ఎప్సమ్ డెర్బీ పందెంలో ఆడ గుర్రం మగ గుర్రం కన్నా మూడు పౌండ్లు తక్కువ మోస్తుంది.

వయసు, లింగం చూసి సరిపెట్టుకునే పందేలు చాలావరకు పెద్ద పందేలు. రోజువారీ పందేలలో ఎక్కువ భాగం హ్యాండిక్యాప్ పందేలు, అంటే బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు వేసి సరిపెట్టేవి. టోపీలో చెయ్యి అనే అర్థంలో ఆ మాట పుట్టింది. పూర్వం ఇంగ్లండులో ఇద్దరు వస్తువులు మార్చుకునేటప్పుడు మధ్యవర్తి ఒకడు విలువలో తేడా ఎంతో చెప్పేవాడు, ఇద్దరూ టోపీలో చేతులు పెట్టి తీసి, ఒప్పుకున్నామో లేదో తెలిపేవారు. ఆ మధ్యవర్తి పనినే నేడు రేసుకోర్సులో హ్యాండిక్యాపర్ చేస్తాడు. ప్రతి గుర్రానికీ గత పందేలను బట్టి ఒక అంకె వేసి, ఆ అంకెను అరకిలో మెట్లుగా బరువులోకి మారుస్తాడు. బాగా పరుగెత్తే గుర్రం అరవై కిలోలు మోస్తే, వెనకబడే గుర్రం యాభై మోయవచ్చు. మైలు పందెంలో ఒక కిలో బరువు ఒక లెంగ్తుకు, అంటే గుర్రం ఒంటి నిడివికి, సమానమని ఒక మోటు లెక్క ఉంది. ఒక లెంగ్తు సుమారు రెండున్నర మీటర్లు. హ్యాండిక్యాపర్ కల ఏమిటంటే, గుర్రాలన్నీ ఒకేసారి గీత దాటాలి. అలా ఎప్పుడూ జరగదు, జరిగితే ఆయన ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు.

ఈ బరువును గుర్రం మీదికి ఎలా చేరుస్తారో దగ్గరగా చూపిస్తాను. జాకీ తన జీనుతో సహా కాటా మీద కూర్చుంటాడు. హెల్మెట్టు, కొరడా ఆ తూకంలోకి రావు. గుర్రం యాభై ఆరు కిలోలు మోయవలసి ఉండి, జాకీ జీనుతో కలిపి యాభై రెండున్నర తూగాడనుకోండి, మిగిలిన మూడున్నర కిలోలను సీసపు రేకులుగా జీను కింది గుడ్డకున్న జేబుల్లో, రెండు పక్కలా సమానంగా సర్దుతారు. పందెం ముగిశాక గెలిచిన జాకీ ఆయాసం తీరక ముందే అదే జీనును తానే విప్పి చంకన పెట్టుకుని మళ్ళీ కాటా ఎక్కాలి. తూకం సరిపోతేనే పందెం ఖాయమవుతుంది, అప్పటిదాకా పందెం కాసిన టికెట్లు చింపవద్దని మైకులో చెబుతూనే ఉంటారు. నాకు ఏడెనిమిదేళ్ళ వయసులో మా నాన్నగారు అంచు విరిగిందని పక్కన పడేసిన సీసపు రేకును అడిగి ఇంటికి తెచ్చారు. తమలపాకంత వెడల్పు, వేలెడు మందం కూడా లేదు, అరకిలోకు ఒక పిసరు తక్కువ. బిస్కెట్టు అనుకుని అందుకోబోయి చెయ్యి జారి కాలి మీద వేసుకున్నాను. బరువంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రోజునే.

ఈ లెక్క ఎంత కఠినమైనదో చెప్పడానికి ఫార్ లాప్ అనే గుర్రం కథ ఒక్కటి చాలు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ కప్ రెండు మైళ్ళ హ్యాండిక్యాప్ పందెం. 1929లో ఈ గుర్రం 47 కిలోలు మోసి మూడో స్థానంలో వచ్చింది. 1930లో దాదాపు 62 కిలోల 600 గ్రాములు మోసి గెలిచింది. ఆ పందేనికి కొన్ని రోజుల ముందు దాని మీద ఎవరో తుపాకి కూడా పేల్చారు, అదృష్టవశాత్తూ గురి తప్పింది. మరుసటి ఏడు హ్యాండిక్యాపర్ దాని నెత్తిన 68 కిలోలు పెట్టాడు, అది ఎనిమిదో స్థానంలో వచ్చింది. 1932లో అమెరికాలో చనిపోయిన ఆ గుర్రం గుండె 6.2 కిలోలు తూగింది, దాన్ని కాన్‌బెర్రా మ్యూజియంలో భద్రపరచి నేటికీ చూపిస్తున్నారు. తుపాకి ఆపలేని గుర్రాన్ని సీసం ఆపింది. గెలిచినవాడికి శిక్ష వేయడం న్యాయమా అని మీరు అడగవచ్చు. హ్యాండిక్యాపర్ దృష్టిలో అది శిక్ష కానే కాదు, మిగతా గుర్రాల యజమానులను ఇంటికి పోకుండా ఆపే ఉపాయం.

గుర్రం సంగతి అలా ఉంటే, ఆ బరువులో మనిషి వాటా సంగతి మరొకటి. ఫ్రెడ్ ఆర్చర్ ఇంగ్లండులో 1874 నుంచి 1886 దాకా వరసగా పదమూడేళ్ళు ఛాంపియన్ జాకీ. ఐదడుగుల పది అంగుళాల మనిషి, అంటే జాకీలలో తాటిచెట్టు. ఆ ఒంటిని తూకంలోకి దించడానికి ఆయన పస్తులుండేవాడు, ఆవిరి గదుల్లో కూర్చునేవాడు, విరేచనాల మందు తాగేవాడు. 1886 అక్టోబరులో కేంబ్రిడ్జిషైర్ పందెంలో సెయింట్ మిరిన్ అనే గుర్రం మీద స్వారీ చేయడానికి ఎంతో కృశించినా, ఒక్క పౌండు ఎక్కువగానే తూగాడు. ఆ పందెంలో గుర్రం తల నిడివి తేడాతో ఓడిపోయాడు. ఒక పౌండు, ఒక తల. ఆ తరువాత టైఫాయిడ్ జ్వరం వచ్చింది, నవంబరు 8న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు.

ఇది గుర్రాల కాలపు కథ, కార్లకు దీనితో ఏం సంబంధమని అనుకునేవారికి 2019లో వచ్చిన నిబంధనను గుర్తుచేయాలి. అంతకు ముందు ఫార్ములా వన్‌లో కారు, డ్రైవరు కలిపి కనీసం ఇంత తూగాలని మాత్రమే ఉండేది. డ్రైవరు పది కిలోలు తగ్గితే, ఆ పది కిలోలను బరువు పలకలుగా కారు అడుగున తమకు లాభించే చోట బిగించుకోవచ్చు. దాంతో పొడవాటి డ్రైవర్లు తిండి మానుకోవడం, నీళ్ళు కూడా తగ్గించుకోవడం మొదలైంది. 2019లో డ్రైవరు, సీటు, దుస్తులు కలిపి కనీసం 80 కిలోలు ఉండాలనీ, తక్కువైతే ఆ లోటు పలకలను సీటు దగ్గరే పెట్టాలనీ నిర్ణయించారు. ఆర్చర్ చనిపోయిన 133 ఏళ్ళకు పందెపు లోకం డ్రైవర్లకు అన్నం తినే హక్కు ఇచ్చింది. జాకీలకు మాత్రం ఆ హక్కు ఇంకా పూర్తిగా రాలేదు. కిందటి తరాల కన్నా కనీస బరువులు కొంత పెంచారు, అంతవరకే.

మా నాన్నగారు చదువుకోలేదు, కాని బరువు గురించి ఆయనకొక సిద్ధాంతం ఉండేది. ప్రాణమున్న బరువు వేరు, ప్రాణం లేని బరువు వేరు అనేవారు. బరువైన జాకీ సీసం లేకుండా స్వారీ చేయడం, తేలికపాటి జాకీ ఐదు కిలోల సీసంతో స్వారీ చేయడం తూకంలో ఒకటే అయినా గుర్రానికి ఒకటి కాదని ఆయన నమ్మకం. ఎందుకని అడిగితే మా తమ్ముణ్ణి చూపించి, మెలకువగా ఉన్న పిల్లవాణ్ణీ నిద్రపోతున్న పిల్లవాణ్ణీ ఎత్తుకుని చూడరా అనేవారు. నేను ఇంజనీరింగు చదివిన అహంకారంతో చాలా ఏళ్ళు దీన్ని నవ్వి కొట్టిపారేశాను. 2009లో వెలువడిన ఒక పరిశోధన నా నోరు మూయించింది. 1890ల చివర టాడ్ స్లోన్ అనే అమెరికన్ జాకీ ఇంగ్లండు వచ్చి, రికాబులు పొట్టిగా కట్టుకుని, గుర్రం మెడ మీదికి వంగి, పిరుదులు జీనుకు తగలకుండా స్వారీ చేయడం చూపించాడు. మొదట అందరూ కోతిలా ఉన్నాడని నవ్వారు, తరువాత అందరూ ఆ కోతినే అనుకరించారు. ఆ రోజుల్లోనే పెద్ద పందేల సమయాలు ఐదు నుంచి ఏడు శాతం దాకా మెరుగుపడ్డాయి. దీనికి పరిశోధకులు చెప్పిన కారణం ఇది: గుర్రం ప్రతి దూకులోనూ ముందుకు విసురుగా పోయి మళ్ళీ కొంచెం ఆగుతుంది, వంగి నిలబడిన జాకీ తన మోకాళ్ళను స్ప్రింగుల్లా వాడి ఆ కుదుపులను తానే మింగేస్తాడు. గుర్రం అతని బరువును మోస్తుంది కాని, దూకు దూకుకూ ఆ బరువును ముందుకు తోసి వెనక్కు లాగవలసిన శ్రమ తగ్గుతుంది. జేబులో ఉన్న సీసానికి మోకాళ్ళు లేవు. ఈ చివరి ముడి వేసింది పరిశోధకులు కాదు, నేను. కాని మా నాన్నగారు వింటే సంతోషించేవారు.

ఇక మోటారు వాహనాల వైపు వస్తాను. అశ్వశక్తి అనే మాట అందరం వాడతాము, కాని అదీ బరువు లెక్కేనని గుర్తుపెట్టుకోము. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను అమ్ముకోవడానికి, ఒక గుర్రం నిమిషంలో 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపగలదని లెక్క కట్టాడు, నేటి కొలతలో అది 746 వాట్లు. నిజానికి బలమైన గుర్రం కొన్ని క్షణాల పాటు దాదాపు 15 అశ్వశక్తి చూపగలదు. పేరు గుర్రానిది, కొలత బేరానిది.

గుర్రప్పందెంలో బరువును చేరుస్తూ పోతే, తొలినాటి కారు పందేలలో బరువుకు పైహద్దు పెట్టారు. 1902 నాటికి కారు వెయ్యి కిలోలకు మించరాదన్నారు, ఎందుకంటే వేగం కావాలంటే పెద్ద ఇంజను కావాలి, పెద్ద ఇంజను బరువు కనుక, బరువును కట్టడి చేస్తే వేగం అదుపులో ఉంటుందని పెద్దల ఆలోచన. ఇంజనీర్లు ఇంజనును అలాగే ఉంచి, తక్కిన కారును చిల్లులు పొడిచి పలచన చేశారు. 1934లో మళ్ళీ అదే ఆలోచనతో 750 కిలోల హద్దు పెట్టారు, డ్రైవరు, ఇంధనం, నూనె, నీరు, టైర్లు ఆ లెక్కలోకి రావు. మూడేళ్ళు తిరిగేసరికి జర్మన్ కార్లు ఆ హద్దులోనే 600 అశ్వశక్తి దాకా చేరుకున్నాయి. 1934లో మెర్సిడెస్ కారు ఒక కిలో ఎక్కువ తూగిందనీ, రాత్రికి రాత్రి తెల్ల రంగు గీకేస్తే లోహం వెండిలా మెరిసిందనీ, అందుకే వాటికి వెండి బాణాలనే పేరు వచ్చిందనీ ఆ జట్టు మేనేజరు చెప్పిన కథ ప్రసిద్ధం. చరిత్రకారులు దాన్ని పెద్దగా నమ్మరు. నేను కూడా నమ్మను, కాని కాటా దగ్గర నిలబడిన ప్రతివాడికీ ఆ కథ అంటే ప్రాణం.

తరువాతి కాలంలో తిరకాసు తిరగబడింది. కారు మరీ తేలికైతే విరుగుతుంది, విరిగితే మనిషి పోతాడు కనుక, ఇంతకు తగ్గకూడదని కింది హద్దు పెట్టారు. హద్దు ఎటు పెడితే మోసం అటు మళ్ళుతుంది. 1982లో బ్రెజిల్ ఫార్ములా వన్ పందెంలో బ్రేకులను చల్లబరచడానికని కొన్ని జట్లు కార్లలో నీళ్ళ తొట్లు పెట్టాయి. పందెం మొదట్లోనే ఆ నీరు రోడ్డు పాలయ్యేది, కారు తేలికై పరుగెత్తేది, ముగిశాక తూకానికి ముందు ద్రవాలను తిరిగి నింపుకోవచ్చనే నిబంధనను పట్టుకుని తొట్టి నింపి కాటా ఎక్కించేవారు. మొదటి, రెండో స్థానాల్లో వచ్చిన పికే, రోజ్‌బర్గ్ అనే డ్రైవర్లను ఆ తరువాత అనర్హులుగా ప్రకటించారు. కద్రువ చూస్తే మెచ్చుకునేది.

మోసమేమీ లేకుండానే కాటా దగ్గర ఓడిపోయినవారూ ఉన్నారు. 2024 బెల్జియం ఫార్ములా వన్ పందెంలో జార్జ్ రస్సెల్ అనే డ్రైవరు ఒక్కసారే టైర్లు మార్చుకుని, అరిగిన టైర్లతోనే చివరిదాకా నెట్టుకొచ్చి గెలిచాడు. కారులో మిగిలిన ఇంధనం తీసేశాక తూస్తే 796.5 కిలోలు ఉంది, ఉండవలసింది 798. కిలోన్నర తక్కువ. విజయం అతని తోటి డ్రైవరు హామిల్టన్‌కు వెళ్ళింది. అరిగిన టైరు అంటే రోడ్డు మీద వదిలేసిన రబ్బరు, వదిలేసిన రబ్బరు అంటే వదిలేసిన బరువు. మామూలుగా పందెం ముగిశాక డ్రైవర్లు నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతూ, దారి పక్కన పడిన రబ్బరు ముక్కల మీదుగా కావాలనే నడిపి టైర్లకు అంటించుకుని వస్తారు, అవి కొంత బరువు తెచ్చిపెడతాయి. ఆ ట్రాకులో మాత్రం పందెం తరువాత పూర్తి చుట్టు తిరగనివ్వరు.

గెలిచినవాడి మీద సీసం పెట్టే పాత పద్ధతిని కూడా కార్లు వదిలిపెట్టలేదు. జపాన్‌లోని సూపర్ జీటీ పందేలలో పాయింట్లు పెరిగేకొద్దీ కారుకు బరువు పెరుగుతుంది. బ్రిటన్ టూరింగ్ కార్ల పందేలలోనూ చాలా ఏళ్ళు అదే నడిచింది, 2022 నుంచి 2024 దాకా బరువుకు బదులు హైబ్రిడ్ శక్తి, అంటే బ్యాటరీ ఇచ్చే అదనపు శక్తి, వాడకాన్ని తగ్గించారు. అడ్మిరల్ రౌస్‌కు ఇవేవీ కొత్తగా తోచేవి కావు.

చివరగా నా సొంత అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. చెన్నపట్నంలో కార్ల పందేలు మొదట షోలవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగేవి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు తెరిచింది. అక్కడ మేము కారును తూచడానికి నాలుగు చక్రాల కింద నాలుగు పలకలు పరిచేవాళ్ళం. ప్రతి చక్రం మీద ఎంత బరువుందో విడివిడిగా తెర మీద కనిపిస్తుంది, నాలుగూ కలిపితే కారు బరువు. నేల సమంగా ఉందో లేదో చూడడానికి తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం వాడేవాణ్ణి. పలకలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడడానికి ప్రతి ఉదయం మా నాన్నగారి సీసపు రేకును ఒక్కొక్క పలక నడుమ పెట్టి, తెర మీద 0.5 కనిపిస్తే తృప్తిపడేవాణ్ణి.

ఒక ఆదివారం మూడో స్థానంలో వచ్చిన ఒక కుర్రవాడి కారు నాలుగు కిలోలు తక్కువ తూగింది. దించి మళ్ళీ ఎక్కించాము, అంతే. మూడోసారీ అంతే. ఆ కుర్రవాడు పక్కన నిలబడి హెల్మెట్టును రెండు చేతుల్లో తిప్పుతున్నాడు, వాళ్ళ నాన్న నా ముఖం చూస్తున్నాడు. నేను కలం తీసి కాగితం మీద రాయబోతూ, ఎందుకో ముందురోజు తూకం కాగితం తీసి పక్కన పెట్టుకున్నాను. ముందు రెండు చక్రాలూ, వెనక కుడి చక్రమూ ఇంధనం అయిన మేరకు తగ్గాయి, అవి సరిగ్గానే ఉన్నాయి. వెనక ఎడమ చక్రం ఒక్కటే దాని మీద మరో నాలుగున్నర కిలోలకు పైగా తగ్గింది. కారులో ఏ భాగం ఊడినా ఒక్క చక్రం దగ్గరే అంత కచ్చితంగా తగ్గదు. కారును జాక్‌తో లేపి పలక ఎత్తి చూస్తే, దాని అంచు కింద చింతగింజంత కంకర రాయి. పలక మీద పడిన బరువులో కొంత ఆ రాయి మీదుగా నేరుగా నేలలోకి పోతోంది. రేకు పెట్టి చూసినప్పుడు పలక వంగదు కనుక రాయి తగలదు. కారు ఎక్కినప్పుడు పలక పిసరంత వంగి దాని మీద ఆనుతుంది. మా నాన్నగారి అరకిలో నిజమే చెప్పింది, కాని అరకిలో గురించి మాత్రమే చెప్పింది.

రాయి తీసి తూస్తే కారు హద్దు కన్నా ఆరు వందల గ్రాములు ఎక్కువే ఉంది. తప్పు నాది, ఉదయం ఆ నేల ఊడ్చించవలసింది నేను. కుర్రవాడికి అది చెప్పి క్షమించమని అడిగాను. ఆ మరుసటి వారం నుంచి నా పరికరాల పెట్టెలో రసమట్టం పక్కన ఒక చీపురుకట్ట కూడా చేరింది.